మెత్తటి కాలు

జయరామ్ కాలు గురించి ఆ షోరూములో అందరూ చెప్పుకుంటారు. మొహం గురించి ఎవరూ చెప్పుకోరు. మొహం మామూలుదే, ఎండకు నల్లబడింది, మీసం నెరిసింది. రోజూ చూసేవాళ్ళకు కూడా కళ్ళు మూసుకుంటే గుర్తుకు రాదు. కాలు సంగతి వేరు. కుడికాలు యాక్సిలరేటర్ మీద పెడితే బండికి తెలియదు, పక్కన కూర్చున్నవాడికి తెలియదు, డీజిల్‌కైతే అసలే తెలియదు. అందుకే అతనికి మెత్తటి కాలు అని పేరు. జీతమిచ్చేది కూడా ఆ కాలికే.

అది పెద్ద పికప్‌లు అమ్మే షోరూము. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి, రెండు టన్నుల ఇనుము. చెన్నై సందుల్లో ఇంత బండి ఎందుకయ్యా అని అడగకూడదు. కొనేవాళ్ళు అడగరు, అమ్మేవాళ్ళు ఎందుకు అడుగుతారు? కొన్న నెలకు మాత్రం అందరూ ఒకటే అడుగుతారు: పుస్తకంలో లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లని రాశారు, నాకు ఎనిమిదే వస్తోంది, మిగతా ఆరూ ఎవరు మింగారు? అరిచేవాళ్ళు అరుస్తారు, కోర్టుకెక్కుతామనేవాళ్ళు అంటారు. అప్పుడు షోరూము వాళ్ళు జయరామ్‌ను పంపిస్తారు.

జయరామ్ వెళ్ళి కస్టమర్ ఎదుటే టైర్లలో గాలి చూస్తాడు. బంకులో ట్యాంకు నింపిస్తాడు. పంపు టక్కుమని ఆగాక బండిని భుజంతో అటూ ఇటూ ఊపి, లోపలి గాలిని పోనిచ్చి, మూతి దగ్గర డీజిల్ కనపడేదాకా మళ్ళీ పోయిస్తాడు. కస్టమర్‌ను ఎడమ సీటులో కూర్చోబెట్టుకొని సముద్రం పక్కన ఈసీఆర్ రోడ్డు మీద కోవళం దాకా పోయి, ఓఎంఆర్ రోడ్డు మీదుగా తిరిగొచ్చి, అదే బంకులో అదే పంపు దగ్గర బండిని అదే దిక్కుగా నిలబెట్టి మళ్ళీ మూతి దాకా నింపిస్తాడు. తిరిగిన దూరాన్ని పట్టిన డీజిల్‌తో భాగిస్తే తగాదా తీరిపోతుంది. షోరూములో దీన్ని ట్రయల్ అంటారు.

ఆ దారిలో అతను అందరికీ ఒకే మాట చెప్పేవాడు. "సార్, పుస్తకంలో రాసింది అబద్ధం గాదు. గదిలో రోలర్ల మీద బండిని నిలబెట్టి తిప్పి చూసిన లెక్క అది. ఆడ ఎదురుగాలి లేదు, సిగ్నల్ లేదు, అడ్డంగా ఆటో రాదు. మనకు ఈడ అన్నీ ఉండాయి. ఊర్లో తొమ్మిది వచ్చిందా, సంతోషపడండి. ఈసీఆర్‌లో పన్నెండు వచ్చిందా, సామికి టెంకాయ కొట్టండి. పద్నాలుగు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు సార్."

ఇది విన్నాక కస్టమర్ కాసేపు మూతి ముడుచుకునేవాడు. కానీ ఖాళీ రోడ్డు మీద, యాభై దాటని వేగంతో, పక్కన నోరెత్తని మనిషితో ఎంతసేపని మూతి ముడుచుకుంటాడు? ముట్టుకాడు దాటేసరికి మాటలు మొదలయ్యేవి. ఒకడు అన్నదమ్ముల తగాదా చెప్పేవాడు. ఒకడు తనకు షుగరు వచ్చిన సంగతి ఇంకా భార్యకు చెప్పలేదని చెప్పేవాడు. జయరామ్ "సరి సార్" అంటూ వినేవాడు. బంకుకు తిరిగి రాగానే వాళ్ళు నంబరు చూసుకొని, సంతకం పెట్టి, వెళ్ళిపోయేవాళ్ళు. చేయి కలిపేవాళ్ళు కొందరు. మళ్ళీ కనపడినవాళ్ళు లేరు. కస్టమర్‌కు ట్రయల్ డ్రైవర్ తన ఫోన్ నంబరు ఇవ్వకూడదని షోరూములో రూలు. పూర్వం ఒకడు కస్టమర్లను బయటి మెకానిక్‌ల దగ్గరికి తోలుకుపోయాడట, అప్పటి నుంచీ ఆ రూలు. ఎవడో చేసిన పనికి జయరామ్ జీవితంలోకి రాబోయిన మనుషులందరూ బంకు దగ్గరే దిగిపోయారు.

అతనుండేది పురసవాక్కంలో, బట్టల దుకాణాల వెనక సందులో, చెల్లెలు తంగమ్మ ఇంటి మిద్దె మీద ఒక రేకుల గదిలో. తాత కాలంలో నెల్లూరు పక్క నుంచి మిల్లు పనికి వచ్చిన కుటుంబం. పెళ్ళెందుకు చేసుకోలేదంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. ముందు చెల్లెలి పెళ్ళి అన్నాడు, తర్వాత అమ్మ జబ్బు అన్నాడు, తర్వాత అడిగేవాళ్ళే మానేశారు. తంగమ్మ మంచిదే. పొద్దున, రాత్రి కంచంలో అన్నం పెట్టి పైకి పంపుతుంది. "తిన్నావా అన్నా?" అని కింది నుంచి కేకేస్తుంది. "తిన్నా" అంటాడు. ఆ రోజుకు ఆ ఇంట్లో తెలుగు అక్కడితో సరి. మేనకోడలు విజికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు, అరవంలోనే జవాబిస్తుంది. తంగమ్మ, ఆమె మొగుడు, విజి ముగ్గురూ మంచివాళ్ళే, అయినా అక్కడ తనతో మాట్లాడేవాళ్ళు లేరని జయరామ్‌కు తెలుసు. తెలిసినా ఎవరి మీదా కోపం రాదు, అదొక ఖర్మ.

అలాంటివాడి దగ్గరికి కాంతారావు కంప్లైంటు వచ్చింది.

కాంతారావు షోళింగనల్లూరులో ఒక అపార్ట్‌మెంటులో ఉంటాడు. అరవై దాటాయి. సినిమాల్లో చప్పుళ్ళు చేసే పని. హీరో మెట్లెక్కుతుంటే వినపడే బూట్ల చప్పుడు హీరోది కాదు, చీకటి గదిలో తెర వైపు చూస్తూ కాంతారావు వేసిన అడుగులది. తలుపు కిర్రుమన్నా, గాజులు గలగలమన్నా, వానలో ఎవరో పరిగెత్తినా ఆయన చేతులూ కాళ్ళే. గుంటూరు జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చాడు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినప్పుడు భార్య పుష్పవల్లి, ఆమె డబ్బింగు చెప్పేది, పని వెంట తనూ వెళ్ళింది. ఆయన ఇక్కడి స్టూడియోను వదల్లేక ఉండిపోయాడు. ఇద్దరూ పోట్లాడుకోలేదు, విడాకులు తీసుకోలేదు. ఫోన్లు మాత్రం పండగలకు వచ్చి, తర్వాత పండగలకూ ఆగిపోయాయి. ఇప్పుడా చప్పుళ్ళు కంప్యూటర్లోనే దొరుకుతున్నాయి. స్టూడియో మూసేస్తుంటే అందులో ఉన్న తన సామానంతా, పాత తలుపులు, గుర్రపు లాడాలు, రకరకాల చెప్పులు, మోసుకుపోవడానికి ఆయన ఆ పికప్ కొన్నాడు. తలుపులు దించడానికి ఇంట్లో చోటు లేదు. బండి తొట్టిలోనే ఉండిపోయాయి.

మొదటి ట్రయల్ రోజున జయరామ్ ఆ తలుపులు చూసి, "సార్, ఇంత బరువు మోసుకోని తిరిగితే ఏ బండైనా తాగతాది" అన్నాడు అరవంలో. కాంతారావు మొహం వెలిగిపోయింది. "మీది తెలుగేనా?" అన్నాడు తెలుగులో. అరవంలో మాట్లాడే తెలుగువాణ్ణి ఇంకో తెలుగువాడు ఎలా పసిగడతాడో గానీ పసిగడతాడు.

"మాది ఈడేలే సార్, పుట్టింది పెరిగింది అంతా. ఇంట్లో తెలుగుదా."

"తెలుగుదా!" అని, తెలుగే అన్న మాటకు తగిలిన ఆ అరవం తోకకు కాంతారావు గట్టిగా నవ్వాడు. "ఎంత బాగుందండీ! ఇంకోసారి అనండి."

ఎగతాళి చేస్తున్నాడేమో అని జయరామ్ అనుమానంగా చూశాడు. కాదు, ఆయన చెవులు నిజంగానే సంబరపడుతున్నాయి. బండి కదిలాక కాంతారావు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాడు జయరామ్. ఉత్తండి దాటాక ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: "నలభై ఏళ్ళు కాళ్ళ చప్పుడుతో బతికినవాణ్ణండీ నేను. కాలు చప్పుడు చెయ్యని మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

జయరామ్ కాలును మెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ వాళ్ళంతా డీజిల్ లెక్కలో మెచ్చుకున్నారు. ఇది వేరే. "సరి సార్" అన్నాడు. ఆ రోజు పన్నెండు వచ్చింది. ఊర్లో తొమ్మిదికి మించి రాదని, బరువు దించితే ఇంకాస్త నయమని మామూలు మాటలన్నీ చెప్పి, సంతకం తీసుకొని, బస్సెక్కి ఇంటికి పోయాడు. మిద్దె మీద అన్నం తింటూ "తెలుగుదా" అని తనకు తనే ఒకసారి అనుకొని చూశాడు.

నెల తిరక్కుండానే కాంతారావు మళ్ళీ కంప్లైంటు పెట్టాడు. ఈసారి ఏడు చూపిస్తోందట. జయరామ్ వెళ్ళాడు. యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేయించుకొని మరీ వెళ్ళాడు. లిఫ్టుండగా కాంతారావు మెట్ల మీదుగా దిగొచ్చాడు. ఏమి సార్ కరెంటు లేదా అంటే, "లిఫ్టులో అడుగు వినపడదు కదండీ, నాకు ఊపిరాడదు" అన్నాడు. ఆ రోజు కోవళం దగ్గర బండి ఆపి టీ తాగారు. ట్రయల్ మధ్యలో బండి ఆపకూడదు, జయరామ్ ఎన్నడూ ఆపలేదు, ఆ రోజు ఆపాడు. ఇంట్లో ఒంటరిగా ఉంటే ఏమీ తోచదా సార్ అని అడిగాడు.

"తోచకపోవడం కాదండీ. గోడ అవతల మిక్సీ వేస్తారు, పిల్లాడు ఏడుస్తాడు, ఎవరో ఎవర్నో అన్నానికి పిలుస్తారు. నా చెవులకు అన్నీ వినపడతాయి. ఆ సంసారాలన్నీ వినీ వినీ నా ఇల్లు మరీ ఖాళీగా అనిపిస్తుంది. అందుకని సాయంత్రమైతే దిగొచ్చి బండిలో కూర్చుంటాను. అద్దాలు ఎత్తేస్తే లోపల ఎంత నిశ్శబ్దమో!"

జయరామ్‌కు తన రేకుల గది గుర్తొచ్చింది. కింది నుంచి వచ్చే టీవీ చప్పుడు, విజి నవ్వు. తన సంగతి ఎవరికైనా చెప్పడం అతనికి అలవాటు లేదు, ఆ రోజు చెప్పాడు. కాంతారావు కళ్ళు మూసుకొని విన్నాడు. ఆ మనిషి వినడమంటే మామూలు వినడం కాదు. మళ్ళీ పన్నెండే వచ్చింది. నంబరు చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "ఏమోనండీ, నా దగ్గరైతే ఇలా ఇవ్వట్లేదు మరి" అన్నాడు కాంతారావు నేల చూపులు చూస్తూ.

మూడో కంప్లైంటు వచ్చేసరికి సర్వీసు మేనేజరు సాయిరామ్‌కు చిర్రెత్తుకొచ్చింది. వరంగల్ నుంచి వచ్చి రెండేళ్ళయిన మనిషి, పనిలో చురుకు, ఓపిక తక్కువ. "జయరామన్నా, ఇదే ఆఖరి ట్రయల్. ఈసారి గూడ బండి మంచిగనే ఉందంటే, ఆయనకు లెటర్ ఇచ్చి ఫైల్ బంద్ చేస్త. ఇగ ఎన్ని ఫోన్లు జేసినా నిన్ను పంపేది లేదు" అన్నాడు.

ఆఖరి అన్న మాట జయరామ్ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. పన్నెండు వస్తే కాంతారావు ఇక కనపడడు. మిగతా వాళ్ళందరిలాగే బంకు దగ్గర దిగిపోతాడు. యాభై ఏడేళ్ళకు దొరికిన ఒక్క మనిషి. ఏడు రోజులు అదే ఆలోచన. నంబరు తక్కువొస్తే? బండిని వర్క్‌షాపులో పెడతారు, ఫిల్టరు మారుస్తారు, ఇంజెక్టర్లు కడుగుతారు, ఒక్కో పని అయ్యాక ఒక్కో ట్రయల్. అట్లా ఆరు నెలలు లాగొచ్చు. ఎవరికీ నష్టం లేదని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. మనసు ఇలాంటి వకాల్తాలు ఎంత బాగా పుచ్చుకుంటుందో!

ఆ రోజు ట్యాంకు నింపించి, బండిని ఊపి, అన్నీ ఎప్పటిలాగే చేశాడు. అక్కరై దాటాక, పాతికేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, కాలు నొక్కాడు. నాలుగో గేరుకు పోవలసిన చోట మూడులోనే లాగాడు. స్పీడుబ్రేకరు దాకా ఉరికించి గట్టిగా బ్రేకు వేశాడు, మళ్ళీ ఉరికించాడు. ఇంజను గొంతు మారిపోయింది. ఎడమ సీటులో కాంతారావు కళ్ళు తెరిచాడు. జయరామ్ మొహం వైపు చూడలేదు, కాలి వైపు చూశాడు. కాసేపటికి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆయనకేమీ తెలియలేదనే అనుకున్నాడు జయరామ్. ఆ దారి పొడుగునా ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికని అంత పాపం చేస్తే ఆ రోజు మాటలే రాలేదు.

బంకులో లెక్క చూస్తే ఎనిమిదిన్నర. కాంతారావు ఆ నంబరు వైపు చాలాసేపు చూశాడు. గెలిచినవాడి మొహంలా లేదు. "సరేనండీ. మీరు చూసిందే కదా" అని సంతకం పెట్టాడు.

జయరామ్ లెక్కేసుకోనిది ఒక్కటే, తన పేరు. సాయిరామ్ నంబరు చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏందన్నా, నీ కాలుకే ఎనిమిదిన్నర అంటే ఇగ బండిలనే ఏదో పెద్ద రోగమున్నట్టు. ఈయన కోర్టుకు పోతే నీ నంబరే సాక్ష్యమైతది. రిపేర్లు గిపేర్లు వద్దు. బండి వాపస్ తీసుకొని ఆయన పైసలు ఆయనకిచ్చేద్దాం." వర్క్‌షాపు లేదు, ఫిల్టర్లు లేవు, ఆరు నెలలు లేవు. జయరామ్ నోరు తెరిచాడు. నంబరు తప్పని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే పాతికేళ్ళ పేరు పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. తెరిచిన నోరు మూసుకున్నాడు. బండంటే ప్రాణం కదా, కాంతారావే ఇవ్వనంటాడులే అని సమాధానపడ్డాడు. భయపడినవాడు తన పని ఇంకొకడు చేస్తాడని ఎదురుచూస్తాడు.

బండి తిరిగిచ్చే రోజున జయరామ్‌ను తిరువళ్ళూరు పక్క ఇంకో ట్రయల్‌కు పంపారు. సాయంత్రం యార్డుకు వచ్చేసరికి ఆ పికప్ గోడ పక్కన నిలబడి ఉంది. తొట్టిలో తలుపులు లేవు. యార్డు వాచ్‌మన్ వేలు, చిత్తూరు పక్క మనిషి, కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"అన్నా, ఆ చప్పుళ్ళ సారు నీ కోసరం శానాసేపు కాచుకోనుండె. టీ తెప్పించి ఇస్తే తాగినాడు. నీ నంబరు అడిగినాడు. నేను ఇయ్యలా. రూలు గదన్నా."

"ఏమన్నా చెప్పినాడా?"

"నాతో ఏం చెప్తాడు? లోపల మేనేజరుతోదా పెద్ద మాటలు. ముందు బండి ఇయ్యనే ఇయ్యనన్నాడు. నాకు బండి బాగానే ఉంది, కంప్లైంటు వాపసు తీసుకుంటానన్నాడు. మేనేజరు సారు, ఎనిమిదిన్నర వచ్చినాక బాగుందని ఎట్టా అంటారు, సరి, వేరే డ్రైవర్ని పెట్టి ఇంగోసారి చూస్తామన్నాడు. అంతే, ఆయన టక్కుమని లేచినాడు. వేరే ఎవురూ వద్దు, జయరామ్ గారు చూసిందే కరెక్టు, బండి తీసుకోండి అని సంతకం పెట్టి బీగాలు ఈడ పెట్టేసినాడు."

జయరామ్ ఆ పికప్ దగ్గరికి నడిచాడు. నలభై ఏళ్ళు అడుగుల చప్పుడు విని బతికిన మనిషికి ఆ రోజు ఇంజను ఎందుకు అరిచిందో తెలియదా? తెలుసు. అంతా తెలుసు. వేరే డ్రైవరు నడిపితే పన్నెండు వస్తుందనీ, అప్పుడు జయరామ్ అబద్ధమాడాడని తేలిపోతుందనీ తెలుసు. సాయంత్రం పూట దిగొచ్చి కూర్చోవడానికి ఆయనకున్నది ఆ క్యాబిను ఒక్కటే. దాన్ని ఇచ్చేసి జయరామ్ పేరును కాపాడాడు.

"బీగాలు ఇట్టా ఇయ్యి వేలూ" అన్నాడు జయరామ్.

డ్రైవరు సీటులో కూర్చున్నాడు. ఎడమ సీటు వెనక్కి జరిపి ఉంది, కాంతారావు కాళ్ళు చాపుకునేంత. తాళం తిప్పి ఇంజను ఆన్ చేసి, ముందున్న చిన్న తెరలో మీట నొక్కుతూ పోయాడు. ట్రయల్‌లో ఆ తెరను అతనెప్పుడూ నమ్మడు, చూడడు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో అందులో ఉంది. బండి నడిచిన కిలోమీటర్లకూ, ఇంజను తిరిగిన గంటలకూ పొంతనే లేదు. బండి కదిలిన కాలం కంటే నిలబడి ఉన్న కాలమే ఎక్కువ. చెన్నై ఉక్కలో అద్దాలెత్తుకొని కూర్చోవాలంటే ఏసీ కావాలి, ఏసీకి ఇంజను తిరగాలి. గడప దాటకుండానే గంటకు లీటరుకు పైగా తాగుతుంది. ఏడు ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. సాయంత్రాల నిశ్శబ్దం కోసం అలా కూర్చున్నాడో, ఇంకో కంప్లైంటు పెట్టే వీలు కోసం కూర్చున్నాడో కాంతారావుకే తెలియాలి. జయరామ్‌కు రెండూ ఒకటే అనిపించాయి.

అద్దాలెత్తాడు. బయట పూందమల్లి రోడ్డు హారన్లన్నీ ఆగిపోయాయి. ఆయన చెప్పిన నిశ్శబ్దం నిజమే. కానీ అందులో ఒంటరిగా కూర్చోవడం చాలా కష్టంగా ఉంది. తెర మీద ఆ రోజు ప్రయాణపు సగటు పడిపోతోంది. తొమ్మిది, ఎనిమిదీ పాయింట్ తొమ్మిది, ఎనిమిదీ పాయింట్ ఎనిమిది. చక్రం తిరగలేదు, ఎక్కడికీ పోలేదు, మనిషి కూర్చుంటేనే ఖర్చయిపోతోంది. జయరామ్‌కు దుఃఖం వచ్చింది. అమ్మ పోయిన తర్వాత ఇన్నేళ్ళకు ఏడ్చాడు.

వాచ్‌మన్ వేలు అద్దం మీద కొట్టాడు. "ఏమన్నా, బండి పోనిచ్చేదీ లేదు, ఇంజను ఆపేదీ లేదు. ఏం చేస్తుండావు ఆడ?"

జయరామ్ ఇంజను ఆపి, మొహం తుడుచుకొని దిగాడు.

మర్నాడు ఆదివారం. మామూలుగా ఆదివారాలు అతను మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. ఆ రోజు పొద్దున్నే తలంటుకొని మెట్లు దిగుతుంటే తంగమ్మ ఆశ్చర్యపోయింది. "లీవు నాడు ఏడికి అన్నా?"

"షోళింగనల్లూరుకి."

"డ్యూటీనా?"

"గాదు" అన్నాడు. తంగమ్మ ఇంకేదో అడగబోయి, అడిగే అలవాటు తప్పిపోయి, ఊరుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని, చెప్పవలసిన మాటలు వరసగా పెట్టుకున్నాడు. ముందు నంబరు తప్పని చెప్పాలి. తనే కావాలని నొక్కానని చెప్పాలి. బండి ఇంకా యార్డులోనే ఉంది, రేపు సోమవారం సాయిరామ్‌కూ చెప్పేస్తాను, మీ బండి మీరు తీసుకోండి సార్ అనాలి. ఉద్యోగం పోతే పోనీ. అంతవరకూ బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. ఎవరింటికైనా అతను పోయింది పని మీదే. పని లేకుండా ఒకరింటికి పోయి ఏమంటారు, ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు ఉంటారు, అతనికి తెలియదు.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాసి అడ్డం వచ్చాడు. తిరుత్తణి పక్క మనిషి, మూడుసార్లు జయరామ్‌ను చూసినవాడే. ఆ మూడుసార్లూ యూనిఫాంలో చూశాడు, ఈ రోజు గుర్తుపట్టలేదు.

"యారు కావాల?"

"కాంతారావు సారు. మూడో ఫ్లోరు."

"ఏం పని?"

ప్రతిసారీ ఈ ప్రశ్నకు జవాబు నాలుక చివర ఉండేది. మైలేజి, అనేవాడు, గేటు తెరిచేవాళ్ళు. ఇప్పుడు బండే లేదు. పని మీద కాదంటే నవ్వుతాడేమో, తప్పు గేటుకు వచ్చానని చెప్పి వెనక్కి పోతే సరిపోతుందేమో అనుకున్నాడు. బస్‌స్టాపు కూడా దగ్గరే. ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

"పనేం లేదు" అన్నాడు. వెనక్కి వేసిన అడుగు మళ్ళీ ముందుకు వేశాడు. "ఊరికే వచ్చినా."

అమ్మాసి అతన్ని కింద నుంచి పైకి చూశాడు. ఊరికే వచ్చేవాళ్ళు ఆ గేటు దగ్గర తక్కువ. సామాను తెచ్చేవాళ్ళు, రిపేరువాళ్ళు, అద్దెకు ఇల్లడిగేవాళ్ళు వస్తారు. ఇంటర్‌కాం ఎత్తి నొక్కాడు. "సార్, ఎవురో వచ్చుండారు. పనేం లేదంట. ఊరికే వచ్చినానంటుండాడు." అవతల మాటేమీ వినపడలేదు. జయరామ్‌కు తన కుడికాలు వణకడం తెలుస్తోంది.

అమ్మాసి ఫోను పెట్టేశాడు. "ఈడే ఉండమన్నాడు. చొక్కా వేసుకోని వస్తుండాడంట."

జయరామ్ చెట్టు నీడకు పోలేదు, కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. నంబరు తప్పు సార్, నేనే నొక్కినా, అని పెదాల మీద ఒకసారి అనుకున్నాడు. లిఫ్టు తలుపుల మీద దీపం వెలగలేదు. మూడో అంతస్తు నుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.